కార్డు తీయకముందే ల్యాప్‌టాప్‌లో ఫోటో

తలంబ్రాలు ఎంతోసేపు సాగవు. పురోహితుడి మంత్రాలు, ఇరువైపుల వాళ్ల అరుపులు, కొబ్బరిచిప్పల్లోంచి, దోసిళ్లలోంచి ఎగిరే బియ్యం, ముత్యాలు. ఆ కొద్ది నిమిషాల్లో ఫోటోగ్రాఫర్ వేలు షట్టర్ మీంచి లేవదు. ఒకప్పుడు ఆ ఫ్రేములన్నీ ఆల్బం చేతికొచ్చేదాకా ఎవరికీ కనిపించేవి కావు. ఇప్పుడు పెళ్లివారు అంతకాలం ఆగడం లేదు. మొదటి బంతి భోజనాలు ముగిసేలోపు హాల్లోని ఎల్‌ఈడీ తెర మీద ఫోటోలు తిరగాలి. తెల్లవారుజామున ముహూర్తమైతే డాలస్‌లో అప్పటికి సాయంత్రం. అక్కడ యూట్యూబ్ లైవ్ చూస్తున్న మేనమామకు జీలకర్ర-బెల్లం ఫోటో వెంటనే అందాలి. రిసెప్షన్ గుమ్మం దగ్గర అతిథి తన ప్రింటు తీసుకుని వెళ్లాలి. కంపెనీల సదస్సుల్లోనూ ఇదే తొందర: వక్త వేదిక దిగేలోపు ఆయన ఫోటో కంపెనీ సోషల్ మీడియా పేజీ మీద ఉండాలి.

దీనికి కెమెరా నుంచి ల్యాప్‌టాప్‌కు ఫోటో గాలిలో వెళ్లాలి. కెమెరా పెట్టె మీద వైఫై అని రాసి ఉంటుంది, కొన్న రోజు దుకాణంలో చూస్తే చక్కగా పనిచేస్తుంది కూడా. వందల మంది నిండిన ఫంక్షన్ హాల్లో అదే కెమెరా మొరాయిస్తుంది. లోపం కెమెరాలో ఉందనుకుని ఇంకా ఖరీదైన బాడీ కొన్నవాళ్లకు కూడా కొన్నిసార్లు అదే అనుభవం మిగులుతుంది. ఎందుకంటే ఈ వ్యవహారంలో గెలుపోటములను తేల్చేవి రెండు నిర్ణయాలు: ఏ ఫైలు పంపాలి, ఎవరి నెట్‌వర్క్ మీద పంపాలి. కెమెరా మోడల్ ఆ తర్వాతి సంగతి.

ఈ ప్రయత్నం కొత్తదేమీ కాదు. 2003లో నికాన్ డీ2హెచ్ అనే కెమెరాను విడుదల చేసింది. దాని అడుగున డబ్ల్యూటీ-1 అనే ట్రాన్స్‌మిటర్ బిగిస్తే ఫోటోలు వైర్‌లెస్‌గా కంప్యూటర్‌కు వెళ్లేవి. కెమెరా 4.1 మెగాపిక్సెళ్లది. జేపెగ్ ఫైలు సుమారు 2 ఎంబీ. వాడిన వైఫై తొలి తరాలది, కాగితం మీద దాని వేగం సెకనుకు 11 మెగాబిట్లు. మరుసటి ఏడాది కెనాన్ కూడా డబ్ల్యూఎఫ్‌టీ-ఈ1 అనే ట్రాన్స్‌మిటర్ తెచ్చింది. ఇవి పత్రికా ఫోటోగ్రాఫర్ల కోసం, ముఖ్యంగా మైదానం అంచున కూర్చుని ఆట మధ్యలోనే ఫోటోలు డెస్కుకు పంపాల్సిన వాళ్ల కోసం తయారైన సామాన్లు. తర్వాత వచ్చిన కెనాన్ ట్రాన్స్‌మిటర్లు అమెరికాలోనే 600 డాలర్ల చుట్టుపక్కల ధర పలికేవి. పెళ్లిళ్లు తీసే స్టూడియోకు అది అందే వస్తువు కాదు.

అందుబాటులోకి తెచ్చింది 2007లో వచ్చిన ఐ-ఫై కార్డు. చూడ్డానికి మామూలు ఎస్‌డీ కార్డు. లోపల 2 జీబీ మెమరీతోపాటు బుల్లి వైఫై రేడియో కూడా ఉండేది. ఏ కెమెరాలో పెడితే ఆ కెమెరాకు వైఫై వచ్చేది, అదీ వంద డాలర్లలోపు. ఫోటోగ్రాఫర్లు దాన్ని ప్రేమించారు, ఓపిక పట్టి వాడారు. అంత చిన్న యాంటెన్నా, పైగా లోహపు కెమెరా బాడీ లోపల. సిగ్నల్ కాస్త దూరం దాటితే నీరసించేది. అయినా దానికి అంతిమ దెబ్బ రేడియో బలహీనత వల్ల తగల్లేదు. కార్డును సెట్ చేయాలంటే కంపెనీ సర్వర్ ఉండాలి. పాత తరం కార్డులకు ఆ సేవలను 2016 సెప్టెంబరులో ఆపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. చేతిలో కార్డు చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని వాడే దారి దాదాపు మూసుకుపోయింది. తోషిబా ఫ్లాష్‌ఎయిర్ కార్డు కొంతకాలం ఆ లోటు తీర్చింది, అదీ ఇప్పుడు తయారు కావడం లేదు. ఈ అధ్యాయాన్ని వృత్తిలో ఉన్నవాళ్లు మరిచిపోకూడదు. ఇవాళ ఫోన్ యాప్‌లు, క్లౌడ్ ఖాతాలు అడిగే ప్రతి పరికరానికీ అదే ప్రమాదం ఉంది.

2012 నాటి కెనాన్ 6డీ లాంటి కెమెరాలతో కొన్నేళ్లలోనే వైఫై కెమెరా బాడీలోకే వచ్చేసింది. 2016లో నికాన్ స్నాప్‌బ్రిడ్జ్ అనే పద్ధతి తెచ్చి, తక్కువ విద్యుత్తు తాగే బ్లూటూత్‌తో ఫోన్‌నూ కెమెరానూ ఎప్పుడూ కలిపి ఉంచే ప్రయత్నం చేసింది. మొబైల్‌కు రెండు చిన్న ఫోటోలు పంపుకోవడానికి ఇవి బాగుంటాయి. ఈవెంట్ పనికి మాత్రం ల్యాప్‌టాప్ కావాలి, కెమెరా ల్యాప్‌టాప్‌తో మాట్లాడే పద్ధతి తెలియాలి.

ఆ పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి పీటీపీ-ఐపీ. యూఎస్‌బీ తీగ మీద నడిచే బొమ్మల బదిలీ పద్ధతిని నెట్‌వర్క్ మీదికి తెచ్చి, 2005లో జపాన్ కెమెరా పరిశ్రమ సంఘం ప్రమాణంగా ఖరారు చేసింది. కెనాన్ ఈఓఎస్ యుటిలిటీ, నికాన్ ఎన్‌ఎక్స్ టెథర్ వంటివి ఈ కోవలో పనిచేస్తాయి. ఇందులో ల్యాప్‌టాప్ కెమెరాను నడిపిస్తుంది. తెర మీద ప్రత్యక్ష దృశ్యం కనిపిస్తుంది, ఎక్స్‌పోజర్ అక్కడి నుంచే మార్చవచ్చు. స్టూడియోలో నగల ఫోటోలు, ఫోటో బూత్‌లో స్టాండు మీద నిలబెట్టిన కెమెరా. ఇలాంటి కదలని పనికి ఇది మేలు. మండపం చుట్టూ తిరిగే ఫోటోగ్రాఫర్‌కు మాత్రం ఇది గుదిబండ. లింకు తెగిందంటే మళ్లీ ఇటూ అటూ కలుపుకోవాలి, ఆ లోపల తీసిన ఫోటోల సంగతి ప్రోగ్రాము దయ.

రెండోది ఎఫ్‌టీపీ. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ రోజుల్లో, 1971 ఏప్రిల్‌లో, దీని తొలి ముసాయిదా రాసినవాడు భారతీయుడు. కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. అర్ధశతాబ్దం దాటినా ఈవెంట్ ఫోటోగ్రఫీలో దానికి సాటి రాలేదు. కారణం సులువైనది: ఇందులో బాధ్యత కెమెరాది. తీసిన ఫోటోను కెమెరా వరసలో పెట్టుకుంటుంది, సర్వర్ దొరికినప్పుడు పంపుతుంది. ఫోటోగ్రాఫర్ గేటు బయటికి వెళ్లి వరుడి ఊరేగింపు తీసి లోపలికి వస్తే, సిగ్నల్ అందగానే ఆగిన ఫోటోలు సాధారణంగా మళ్లీ కదులుతాయి. ల్యాప్‌టాప్ దగ్గర ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదు. పైగా నికాన్, కెనాన్, సోనీ అన్న భేదం లేదు. మూడు కంపెనీల కెమెరాలు పట్టుకున్న ముగ్గురు ఒకే ల్యాప్‌టాప్‌కు ఒకేసారి పంపవచ్చు. కంపెనీల సొంత యాప్‌లు ఒక్కటీ ఈ పని చేయలేవు. అందుకే కొత్త బాడీ కొనేటప్పుడు మెగాపిక్సెళ్ల కన్నా ముందు ఎఫ్‌టీపీ ఉందా అని చూడాలి. తక్కువ ధర కెమెరాల్లో చాలావాటికి అది ఉండదు, వాటి వైఫై కూడా తరచుగా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది.

ఇక వేగం. 2003 నాటి 4.1 మెగాపిక్సెళ్ల నుంచి 2021లో వచ్చిన నికాన్ జెడ్9 వరకు వస్తే ఒక్కో ఫ్రేము 45.7 మెగాపిక్సెళ్లు. రేడియో వేగంతోపాటు ఫైలూ బరువెక్కింది. నిండు నాణ్యత జేపెగ్ 20 ఎంబీ దాటుతుంది, రా ఫైలు 50 ఎంబీ అటూ ఇటూ. తలంబ్రాల వేళ ఒక ఫోటోగ్రాఫర్ 200 ఫ్రేములు తీశాడనుకుందాం. రద్దీ హాల్లో నిజంగా దక్కే వేగం సెకనుకు 40 మెగాబిట్లు అనుకుందాం. కెమెరా పెట్టె మీద రాసిన అంకె ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది కానీ, ఆ అంకె ఖాళీ గదిలోది. రా ఫైళ్లన్నీ పంపితే 10 జీబీ, అంటే 33 నిమిషాలు. నిండు జేపెగ్‌లయితే 13 నిమిషాలు. అదే కెమెరాలో చిన్న సైజు జేపెగ్, సుమారు 5 ఎంబీది ఎంచుకుంటే మూడు నిమిషాల పైచిలుకు. 200లో మంచివి 10 మాత్రమే ఏరి పంపితే 10 సెకన్లు.

33 నిమిషాలకూ 10 సెకన్లకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని ఏ రౌటరూ పూడ్చలేదు. సెకనుకు 200 ఎంబీ చదివే కార్డు రీడరుకు ఆ 10 జీబీ పని 50 సెకన్లలో అయిపోతుంది. అంటే కార్డు పట్టుకుని పరిగెత్తే అసిస్టెంటు, మొత్తం సరుకు విషయంలో, వైఫైని ఇప్పటికీ సునాయాసంగా ఓడిస్తాడు. వైఫై చేయాల్సిన పని వేరు: ఏరిన కొద్ది ఫోటోలను ముందుగా చేర్చడం.

చిన్న ఫైలు పంపితే నాణ్యత పోతుందన్న భయం చాలామందిలో కనిపిస్తుంది. 4కే తెర మొత్తం కలిపినా 8 మెగాపిక్సెళ్లే. నాలుగంగుళాలు ఆరంగుళాలు ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 2.2 మెగాపిక్సెళ్లు కూడా అక్కర్లేదు. వాట్సాప్ మామూలుగా పంపిన ఫోటోను ఇంకా కుదించేస్తుంది. అందువల్ల రెండు కార్డుల కెమెరాలో ఒకదాంట్లో రా, రెండోదాంట్లో చిన్న జేపెగ్ రాసేలా పెట్టి, జేపెగ్ మాత్రమే పంపేలా మెనూలో ఎంచుకుంటే సరిపోతుంది. ఆల్బంకు కావలసిన అసలు ఫైళ్లు కార్డులో భద్రంగా ఉంటాయి. ఇలా చేసినప్పుడు జేపెగ్ కెమెరాలోంచే తుదిరూపంలో వస్తుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ ముందే సరిగ్గా పెట్టుకోవాలి. మండపం మీద పసుపు బల్బులు, వెనక ఎల్‌ఈడీ తెర నీలం, పక్కన వీడియో లైటు తెలుపు. ఈ మూడింటి కలగాపులగాన్ని తర్వాత చూసుకుందాంలే అని వదిలేస్తే పెళ్లికూతురి ముఖం తెర మీద అందరి ముందూ ఆకుపచ్చగా కనిపిస్తుంది.

నెట్‌వర్క్ విషయానికొస్తే, ఫంక్షన్ హాలంత కష్టమైన చోటు ఇంకొకటి ఉండదు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి ఢీకొనని చానళ్లు మూడే: 1, 6, 11. అతిథుల ఫోన్లు, వాటి హాట్‌స్పాట్లు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, ఆ ప్రాంగణం సొంత రౌటర్లు అన్నీ వాటి మీదే. పైగా మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి నిండిన హాలు రేడియో తరంగాలను మింగేస్తుంది. ఉదయం ఖాళీ హాల్లో పరీక్షించి సంతృప్తి పడినవాళ్లు సాయంత్రం దెబ్బతినేది ఇందుకే.

5 గిగాహెర్ట్జ్ మేలు. మన దేశంలో 2018 అక్టోబరు నుంచి ఈ పట్టీలో విస్తారమైన భాగం లైసెన్సు లేకుండా వాడుకునేందుకు తెరిచారు. అయితే పెళ్లిళ్లలో దీనికి పోటీదారు పక్కనే ఉంటాడు. వీడియో బృందం మిక్సింగ్ యూనిట్‌కు కెమెరాల నుంచి చిత్రాన్ని వైర్‌లెస్‌గా పంపే ట్రాన్స్‌మిటర్లలో చాలా రకాలు ఇదే 5 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, ఆపకుండా ప్రసారం చేస్తూనే ఉంటాయి. ఫోటోగ్రాఫర్ చానల్ ఎంచుకోకుండా ఆటోమేటిక్‌లో వదిలేస్తే లైవ్‌లో చిత్రం గడ్డకడుతుంది లేదా ఫోటోలు ఆగిపోతాయి, తప్పు ఎవరిదన్న గొడవ మండపం వెనక మొదలవుతుంది. రెండు బృందాలూ పనికి ముందు పది నిమిషాలు కూర్చుని, వీడియోకు పై చానళ్లు, ఫోటోకు 36 నుంచి 48 వరకు ఉన్న కింది చానళ్లు అని పంచుకుంటే ఈ గొడవే ఉండదు. 52 నుంచి 144 దాకా ఉన్న మధ్య చానళ్లు రాడార్లకు దారివ్వాల్సినవి. రాడార్ జాడ తగిలితే రౌటర్ అక్కణ్నుంచి తప్పుకోవాలి, కొన్ని కెమెరాలకైతే ఆ చానళ్లు కనిపించనే కనిపించవు.

హోటల్ వైఫై పాస్‌వర్డ్ అడిగి తీసుకోవడం చాలామంది చేసే పని, వృథా పని. అక్కడి నెట్‌వర్క్ బ్రౌజర్‌లో గది నంబరు, ఫోన్ నంబరు అడిగే పేజీ చూపిస్తుంది, కెమెరా దాన్ని నింపలేదు. నింపగలిగినా అతిథుల పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా హోటళ్లు అడ్డుగోడ పెడతాయి. కెమెరా, ల్యాప్‌టాప్ రెండూ నెట్‌కు కలిసే ఉంటాయి, ఒకదానికొకటి మాత్రం కనపడవు. సొంత రౌటర్ తప్పనిసరి. ప్రయాణాల్లో వాడే చిన్న రౌటర్ పవర్ బ్యాంకు మీద కూడా నడుస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా ఫోటో ల్యాప్‌టాప్‌కు చేరుతుంది, ఎందుకంటే ఆ ప్రయాణం హాలు దాటి పోదు. రౌటర్‌ను టేబుల్ కింద పెట్టకుండా లైట్ స్టాండుకు కట్టి జనం తలల కన్నా ఎత్తులో నిలబెడితే, చానల్ మార్పు కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు తీగతో కలిపితే గాలిలో సగం భారం తగ్గుతుంది. లేకపోతే ప్రతి ఫోటో గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది: కెమెరా నుంచి రౌటర్‌కు, మళ్లీ రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు. ఇంత తేలికైన సంగతిని పాటించేవాళ్లు ఆశ్చర్యంగా తక్కువ.

ల్యాప్‌టాప్ వైపు ఉచితంగా దొరికే ఫైల్‌జిల్లా సర్వర్ చాలు. తిప్పలు విండోస్ ఫైర్‌వాల్‌తో వస్తాయి. కొత్త రౌటర్‌ను విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కేసి తలుపులు మూసేస్తుంది, దాన్ని ప్రైవేట్‌గా మార్చాలి. ఇంకో చిక్కు కొత్తవాళ్లను గంటల తరబడి తిప్పుతుంది: కెమెరా సర్వర్‌లోకి లాగిన్ అవుతుంది, ఫోటో మాత్రం రాదు. ఎఫ్‌టీపీలో ఆదేశాలు 21వ పోర్టులో, ఫైళ్లు వేరే పోర్టులో నడుస్తాయి. పాసివ్ పద్ధతిలో ఆ రెండో పోర్టు ప్రతిసారీ మారుతుంది. సర్వర్‌లో దానికో పరిధి నిర్ణయించి, ఫైర్‌వాల్‌లో ఆ పరిధినీ తెరిస్తేనే దారి పూర్తవుతుంది. రౌటర్‌లో ల్యాప్‌టాప్‌కు మారని ఐపీ చిరునామా ఇవ్వాలి, ల్యాప్‌టాప్ నిద్రపోకుండా పవర్ సెట్టింగ్ మార్చాలి.

ఇద్దరు ముగ్గురు తీస్తున్నప్పుడు ఒక్కో కెమెరాకు వేరే ఫోల్డర్, ఫైలు పేరు ముందు వేరే అక్షరాలు పెట్టుకోవాలి. రెండు కెమెరాల నుంచి ఒకే నంబరు ఫైలు వస్తే ఒకటి మరొకదాన్ని తుడిచేసే అవకాశం ఉంది. కెమెరా గడియారాలన్నీ ఒకే సమయానికి కలిపి ఉంచితే, తర్వాత మాంగల్యధారణ ముందా తలంబ్రాలు ముందా అని ఆల్బం డిజైనర్ తల పట్టుకోనక్కర్లేదు. చేరిన ఫోటోలను లైట్‌రూమ్ క్లాసిక్ ఆటో ఇంపోర్ట్ దానంతటదే అందుకుని, ముందే ఎంచిన రంగుల ప్రీసెట్ వేసి చూపిస్తుంది. అయితే మొదలుపెట్టేటప్పుడు అది కాపలా కాసే ఫోల్డర్ ఖాళీగా ఉండాలి. వేగంగా ఏరడానికి పత్రికా ఫోటోగ్రాఫర్లు ఏళ్లుగా నమ్మింది ఫోటో మెకానిక్ అనే ప్రోగ్రామును.

ఫోన్ దారి ఈ మధ్య బలపడింది. కెమెరాకు ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి, నికాన్ ఎన్‌ఎక్స్ మొబైల్‌ఎయిర్, కెనాన్ మొబైల్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ లాంటి యాప్‌ల ద్వారా 4జీ, 5జీ మీద నేరుగా దూరాన ఉన్న సర్వర్‌కు పంపవచ్చు. సోనీ అయితే 5జీ ఉన్న ప్రత్యేక పరికరాన్నే అమ్ముతోంది. 2022లో అడోబీ, ఫూజీఫిల్మ్ కలిసి ప్రకటించిన క్లౌడ్ పద్ధతిలో ఎక్స్-హెచ్2ఎస్ కెమెరా నేరుగా ఫ్రేమ్.ఐఓ ఖాతాలోకి ఫోటోలు ఎక్కించగలదు. ఎడిటర్ విజయవాడలో, పెళ్లి విశాఖలో ఉన్నప్పుడు ఇవి పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ బట్టబయలుగా ప్రయాణిస్తుంది. హాల్లో సొంత రౌటర్ లోపల దానితో ఇబ్బంది లేదు. ఇంటర్నెట్ మీదికి వెళ్తే మాత్రం ఎఫ్‌టీపీఎస్ గానీ ఎస్‌ఎఫ్‌టీపీ గానీ వాడాల్సిందే.

ఇదంతా ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఇటీవలి దాకా సమాధానం సులభంగా ఉండేది: తెరకు, ప్రింటుకు, దూరపు చుట్టాలకు. ఇప్పుడు నాలుగో గిరాకీ వచ్చింది. గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ పెడతారు. అతిథి ఒక సెల్ఫీ ఇస్తే, ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వేల ఫోటోల్లోంచి అతని ఫోటోలు ఏరి ఫోన్‌కు పంపుతుంది. ల్యాప్‌టాప్‌కు చేరిన ఫోటో చేరినట్టే క్లౌడ్‌కు ఎక్కాలి కాబట్టి వైర్‌లెస్ బదిలీకి ఇంతకన్నా పెద్ద ఊతం లేదు. అతిథులకు ఇది నిజంగా సంతోషం కలిగించే సేవ. ఇన్నేళ్లూ పెళ్లికి వచ్చినవాళ్లకు తమ ఫోటో అందిన సందర్భాలే తక్కువ.

కానీ ఇక్కడ ఫోటోగ్రాఫర్ చేతిలో ఉన్నది ఫోటోలు మాత్రమే కాదు, హాల్లో ఉన్న ప్రతి ఒక్కరి ముఖం కొలతలు కూడా. సెల్ఫీ ఇవ్వని పెద్దావిడ ముఖాన్నీ ఆ సాఫ్ట్‌వేర్ కొలుస్తుంది, వేదిక కింద ఆడుకుంటున్న పిల్లల ముఖాలనూ కొలుస్తుంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతిని ప్రధానంగా చేసుకుంది, 18 ఏళ్లలోపు వాళ్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. పెళ్లి పెద్ద ఒక్కడు సంతకం పెట్టినంత మాత్రాన వచ్చిన అతిథులందరి తరఫునా ఒప్పుకున్నట్టు అనుకోవడం తొందరపాటు. ఈ సేవ అమ్మే స్టూడియోలు గుమ్మం దగ్గర తెలుగులో ఒక స్పష్టమైన బోర్డు పెట్టాలి. లింకు ఎవరి చేతికి పడితే వాళ్లకు మొత్తం ఫోటోలు తెరుచుకోకుండా, సెల్ఫీ సరిపోలినవాళ్లకు వాళ్లవే కనిపించేలా పెట్టాలి. అడ్వాన్సు రసీదు మీద ఆల్బం పేజీల సంఖ్య రాసే చోటే, ఫోటోలు, ముఖాల వివరాలు క్లౌడ్‌లో ఎన్ని నెలలు ఉంటాయో, గడువు తీరాక వాటిని తీసేయాల్సింది ఎవరో కూడా రాసివ్వాలి.